చిగురేసిన సింహాసనం

అవ్వా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. చంద్లాపూర్‌లో మన మెట్ట చెలకలో నీ సమాధి మీద కల్లు పోసి వచ్చాక, నీ మునిమనవరాలు, అన్న కూతురు మిన్ను, నువ్వు చెప్పే కథ చెప్పమని నా ఒళ్లో చేరింది.

ముట్టుకున్న కట్టెనల్లా చిగురింపజేసే రైతుబిడ్డ కథ. ఆ పిల్ల చెయ్యి తగిలి రాజుగారి సింహాసనం కూడా చిగురేసింది. మళ్లీ ఎండబెట్టకపోతే తల తీయిస్తానన్నాడు రాజు. నాకు అంతవరకే తెలుసు. వినేవాళ్లు ఊకొట్టడం ఆపితే కథ ఆపేయాలని నీ పట్టింపు. నేనేమో చిన్నప్పుడు రోజూ సరిగ్గా అక్కడికొచ్చేసరికి నిద్రపోయేదాన్ని.

మిన్ను ఊకొట్టడం ఆపలేదు.

“ఊఁ. పిల్లను సంపిండా అత్తా?”

“నాకు తెల్వదే.”

“గంత పెద్ద సదువు సదివినవ్, గిది తెల్వదా?”

అప్పటికే దాని కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఇక చెప్పేశాను.

“‘రాజా, నాకు చిగురేయించుడే వస్తది, ఎండవెట్టుడు రాదు’ అన్నదట పిల్ల.”

“ఊఁ. గప్పుడు రాజు?”

“ఏం జేస్తడు? వచ్చి పిల్ల పక్కన కింద కూసున్నడు.”

మిన్ను ఊపిరి పీల్చుకుంది. “అవ్వ గూడ గిట్లనే చెప్పిందా?”

“ఆఁ, గిట్లనే.”

నీ పేరు మీద నేనాడిన మొదటి అబద్ధం ఇది. కోప్పడకు అవ్వా. ఆ పిల్లను బతికించడానికి నాకు ఇంకో దారి తోచలేదు.