మూడో స్తంభం

1963 మార్చి 10, ఆదివారం.

అత్తమ్మ పెద్దపల్లి నుంచి వచ్చి, నేను కట్టించిన వంతెన చూపించమంది. గోదావరి ఇసుకలో పునాదులుగా సిమెంటు బావులు దింపి, వాటి మీద స్తంభాలు ఎలా లేపామో నడుస్తూ చెప్పాను. సగం దారిలో ఆమె ఆగింది.

"అవన్ని నాకెందుకు అల్లుడా. శాంత బూడిద యాడ కలిపినవో గది చూపియ్యి."

కలిపింది పాత పడవల రేవులో. మరుసటి ఏడు వంతెన పొడవు తగ్గించడానికి ఒడ్డు పాయను మట్టితో పూడ్చాలని నక్షా గీసింది నేనే. గీస్తున్నప్పుడు శాంత గుర్తుకే రాలేదు. ఆ రేవు ఇప్పుడు రోడ్డు కట్ట కింద ఉంది.

నిజం చెప్పడానికి సిగ్గేసింది. మూడో స్తంభం వైపు చేయి చూపాను.

అత్తమ్మ చెప్పులు విడిచి, కొంగులో తెచ్చిన పసుపు, కుంకుమ, పూలు అక్కడ నీళ్ళలోకి వదిలింది.

"చల్లగుండు బిడ్డా. మీ ఆయన నీ మీద నీడ కట్టిండు. వచ్చే అమాసకు నీ చెల్లెను గూడ తోలుకొస్త."

తిరిగి చెప్పులు వేసుకుంది. బస్సు కోసం కట్ట మీదుగా నడిచాం. రేవు ఉండిన చోటే ఆమె ఒక్క క్షణం నిలబడి, చెప్పులో చేరిన మట్టి దులుపుకుంది.

నేను పక్కనే ఉన్నాను.