ఈసారి నీకు చాయే పెట్టాం

నాయినా,

రాయకుండానే వదిలేద్దామనుకున్నాను. బతికుండగానే మా మాట వినని మనిషికి ఉత్తరం దేనికని. ఫిల్మ్‌నగర్ షూటింగుల్లో లైట్‌మన్‌గా నీ చేతిలో లైటు ఎన్నడూ వణకలేదని షేక్‌పేటలో పాతవాళ్లు ఇప్పటికీ చెబుతారు. నిజమే, వణికింది ఇంట్లో మేము.

నిన్న పెత్రమాస. పోయిన పెద్దలకు ఇష్టమైనవి పెట్టే రోజు కదా, తమ్ముడు యాదగిరి ఎప్పటిలాగే నీ ఫోటో ముందు క్వార్టర్ సీసా పెట్టబోయాడు. అక్క చెయ్యి పట్టుకుంది.

"తియ్‌రా దాన్ని. చాయ్ పెట్టు."

"నాయిన ఊకుంటడా అక్కా?"

"మనం గన్నేండ్లు ఊకున్నం. ఇగ ఆయన్ని ఊకోమను."

నువ్వొచ్చి కంచాలు విసిరేలోపే తినేయాలని అమ్మ మాకు పొద్దు గూకకముందే అన్నం పెట్టేది. యాభై దాటినా అక్క ఇప్పటికీ వాకిలి వైపు చూస్తూ గబగబా మింగుతుంది. అందుకే చెబుతున్నాను, ఆ సీసా తీసుకెళ్లి మోరీ కాలువలో ఒంపింది నేనే. అలిగితే అలుగు. వచ్చే ఏడూ చాయే.

నీ చాయ్ చల్లారింది. అక్క వాకిలికి వీపు పెట్టి కూర్చుని, మటన్ కూర మారు అడిగి వేయించుకుంది.