అప్పజెప్పని పాఠం

విజయవాడ,
అక్టోబరు, ఆదివారం

అమ్మా,

దూరం నుంచే నీ కాళ్లకు దణ్ణం పెట్టి నీ సాయిశ్రీ రాస్తోంది. ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని కంగారు పడకు. జ్వరం లేదు. హాస్టల్ సాంబారు తిని కూడా బాగానే ఉన్నాను. ఇది మా స్టెల్లా మేడమ్ పెట్టిన పని. ఆవిడ శనివారాలు ఫస్టియర్ వాళ్లకు కాలేజీలో ఎలా చదువుకోవాలో చెబుతారు. అది కూడా ఒకళ్లు చెప్పాలా అని సగం మంది ఆ క్లాసు ఎగ్గొడతారు. మొన్నటిదాకా నేనూ ఎగ్గొట్టాను. వారంలో నేర్చుకున్నదేదైనా ఒకటి, పుస్తకం చూడకుండా, తెలుగులో ఇంట్లోవాళ్లకు ఉత్తరం రాయాలట. అర్థం కాని చోట వాళ్లు గీత గీసి తిప్పి పంపాలట. ఈ వారం నేను నేర్చుకున్నది ఒక్కటే. నాకు చదువుకోవడం రాదు.

నవ్వకు, నిజం. మొదటి మిడ్ పరీక్షలో లెక్కల్లో నాకు ముప్పైకి నాలుగు వచ్చాయి. ఫోనులో నాన్న అడిగితే బాగానే రాశానని చెప్పాను. రాయడం బాగానే రాశానమ్మా, అక్షరాలు అచ్చు గుద్దినట్టున్నాయి. సంగతేమిటంటే, పుస్తకంలో చేసిచూపిన మీన్ వాల్యూ సిద్ధాంతం లెక్కను అంకెలతో సహా బట్టీ పట్టాను. అందులో సున్నా నుంచి నాలుగు దాకా అని ఉంది. పేపర్లో ఒకటి నుంచి ఐదు దాకా అని ఇచ్చారు. నేను చూడనేలేదు. లెక్క పేరు కనబడగానే చెయ్యి దానంతటదే పరుగెత్తింది. సున్నా నుంచి నాలుగు దాకా ఒక్క మెట్టు తప్పకుండా చేసి, జవాబు చుట్టూ డబ్బా కూడా గీశాను. మా లెక్కల సారు పక్కన ఎర్రపెన్నుతో 'ఈ లెక్క మీకెవరిచ్చారు?' అని రాశారు. ఆయన అందరినీ మీరు అనే అంటారు. అందుకే ఇంకా ఎక్కువ మండింది.

దీనికి తోడు బెంజ్ సర్కిల్లో ఆ ఫ్లెక్సీ ఒకటి. ఇంటర్ కాలేజీ వాళ్లు వేసవిలో కట్టింది ఇంకా తియ్యలేదు. రోజూ మా కాలేజీ బస్సు సరిగ్గా దానికెదురుగానే సిగ్నల్ దగ్గర ఆగుతుంది. పైన నేను ర్యాంకుతో సహా ఇకిలిస్తూ ఉంటాను, కింద నేను తల వంచుకుని కూర్చుని ఉంటాను. "ర్యాంకర్ గారూ, ఆ పైనావిడకి లెక్కలొచ్చేమో కనుక్కోండి" అని వెనక సీట్ల వాళ్లు మొదలుపెట్టారు. నేనూ నవ్వాను. హాస్టల్‌కి వచ్చి బాత్‌రూమ్‌లో ఏడ్చాను. సిగ్గుగా ఉందమ్మా.

గన్నవరం దగ్గర ఆ ఇంటర్ కాలేజీలో ఉన్న రెండేళ్లూ నా తల నేను దువ్వుకోవడం తప్ప అన్నీ వాళ్లే చూసుకున్నారు. గంట కొడితే లేచేదాన్ని, గంట కొడితే చదివేదాన్ని. ఏది ముఖ్యమో వాళ్లే చుక్కలు పెట్టి ఇచ్చేవాళ్లు. ఇక్కడ గంట లేదు, చుక్కలు లేవు. ముఖ్యమైనవి ఏమిటి సార్ అని నేనే లేచి లెక్కల సారుని అడిగాను. "నేను చెప్పినవన్నీ" అన్నారాయన. క్లాసంతా గొల్లుమంది.

అసలు విషయానికి వస్తున్నాను. ఆ ఇంటర్ కాలేజీ మేనేజరు గారు ఫోన్ చేశారు. లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేరమన్నారు. ఫీజక్కర్లేదట, ఈసారి ఐఐటీ కొట్టొచ్చట. వస్తానన్నాను. ఐఐటీ మీద మోజుతో కాదమ్మా. ఆ గంట కావాలి నాకు. ఎవరో ఒకరు నెత్తిన నిలబడితే తప్ప చదవలేని దాన్ని అయిపోయాను. నాన్నకు నువ్వే ఎలాగో చెప్పాలి.

నీ
సాయి

ఉయ్యూరు,
గురువారం

నా బంగారు సాయికి,

అమ్మ మనసారా దీవించి రాసేది. నీ ఉత్తరం మీ నాన్నకు చూపించలేదు. చీరలు తేవడానికి పెడన వెళ్లారు. వచ్చాక మెల్లగా చెబుతాను. నాలుగు మార్కులని చదివినప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఇన్నాళ్లూ ఒక్కదానివే దిగమింగుకుని ఉన్నావే, అందుకు వచ్చింది.

వెళ్తానంటే కాళ్లు పట్టుకుని ఆపను. కానీ ఒక మాట. సెమిస్టర్ పరీక్షలయ్యేదాకా మీ మేడమ్ చెప్పినట్టు వారం వారం నాకు రాయి. అప్పటికీ ఆ గంటే కావాలనిపిస్తే నేనే పెద్ద సంచీ తీసుకుని వచ్చి, నీ సామాన్లు సర్ది, గన్నవరంలో దింపుతాను. మేనేజరు గారికి అంతవరకూ ఆగమని చెప్పు.

ఇంకోటి. పదో తరగతి దాకా రోజూ సాయంత్రం నాకు పాఠాలు అప్పజెప్పేదానివి. ఒక చేత్తో బేరానికి విప్పిన చీరలు మడతపెడుతూ, ఇంకో చేత్తో నీ పుస్తకం పట్టుకుని వినేదాన్ని. ఒక్క ముక్క ఎగిరిపోయినా పట్టుకునేదాన్ని. అందులో ఏముందో నువ్వూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు నా చేతిలో పుస్తకం లేదు. నువ్వు అప్పజెబితే కుదరదు. నాకు తెలిసేటట్టు చెప్పు.

నీ క్షేమం కోరే
అమ్మ

విజయవాడ,
నవంబరు నెలాఖరు

జాలి లేని నా తల్లికి,

ప్రేమతో సాయి రాసేది. కాలేజీలో సార్లే నయమమ్మా. మీన్ వాల్యూ సిద్ధాంతం మీద రెండు పేజీలు రాసి పంపితే మొదటి పేజీ అంతా గీతలు గీసి పంపించావు. పైగా పక్కన 'ఇది నువ్వు కాదు, పుస్తకం' అని రాస్తావా? ఉడుక్కున్నాను. నీకు లెక్కలు రావు కాబట్టి అర్థం కాలేదని నా రూమ్మేట్ అనఘతో అన్నాను. అనఘ ఆ కాగితం తీసుకుని చదివి, "నాకు లెక్కలొచ్చు. నాకూ అర్థం కాలేదు" అంది. ఎక్కడ గీత ఉందో చూస్తే, సరిగ్గా నాకు తెలియని చోటల్లా ఉంది. నాకే తెలియని చోటు నీకెలా తెలిసింది?

అప్పుడు పుస్తకం మూసి అవతల పెట్టి మళ్లీ మొదలుపెట్టాను. అమ్మకు తెలిసినదేముంది? ఉయ్యూరు బస్సు. బెంజ్ సర్కిల్‌కి ముప్పై కిలోమీటర్లనుకో, గంటలో వచ్చిందనుకో. అంటే సగటున గంటకు ముప్పై. దారిలో బస్సు ఒకచోట మెల్లగా పోతుంది, ఒకచోట దూకుతుంది. ఎలా పోయినా సరే, ఏదో ఒక క్షణంలో డ్రైవరు ముందున్న మీటరు సరిగ్గా ముప్పై చూపించి తీరాలి. అంతే సిద్ధాంతం. రాస్తూ రాస్తూ నాకే నవ్వొచ్చింది. రెండేళ్లుగా బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నది దీని మీదా అని.

దానికి నువ్వు గీత గియ్యలేదు కానీ ప్రశ్న ఒకటి వేశావు. 'కంకిపాడులో బస్సు టీకి ఆగుతుంది కదా. అప్పుడు మీటరు సున్నా. ఆగిన బస్సుకు ముప్పై ఎక్కడిది?' ఆలోచిస్తే జవాబు దొరికింది కానీ నమ్మకం చాలక, మర్నాడు ముందు బెంచీలో కూర్చుని సారుని అడిగాను. మా అమ్మ అడిగిందని కూడా చెప్పాను. క్లాసు నవ్వబోయింది. సారు మాత్రం సుద్దముక్క నా చేతికిచ్చి, "మీ అమ్మగారికి జవాబు మీరే చెప్పండి" అన్నారు. బోర్డు మీద గీత గీసి చెప్పాను. ఆగిన కాలం పూడ్చాలంటే బస్సు ఇంకోచోట ముప్పై కంటే వేగంగా పోవాలి. సున్నా నుంచి అంత వేగానికి ఎక్కేటప్పుడు ముప్పైని దాటకుండా ఎక్కడం కుదరదు. కాబట్టి కంకిపాడులో టీ తాగినా పరవాలేదు.

ఇప్పుడు నా చదువు తీరే మారిపోయింది. చదివాక పుస్తకం మూసి తెల్లకాగితం మీద గుర్తున్నది రాస్తాను. మొదట్లో సగం కాగితం ఖాళీగా ఉండేది, చూస్తే భయమేసేది. రాని చోటు తెలియడమే సగం చదువని స్టెల్లా మేడమ్ అన్నారు. లెక్కలు వరసగా చెయ్యను, నాలుగు పాఠాలవి కలిపి చీట్లు వేసి తీస్తాను. వచ్చిందనుకున్న దాన్ని వారం పోయాక మళ్లీ పరీక్షించుకుంటాను, సగం పారిపోయి ఉంటుంది, పట్టుకొస్తాను. ఏ రోజు ఏం చదవాలో నా గోడ మీద నేనే రాసుకున్నాను. మొదటి రెండు వారాలూ దాని ప్రకారం ఒక్కరోజూ జరగలేదు. అది నా టైమ్‌టేబుల్ కాదు, ఇంటర్ కాలేజీది, అక్షరాలు మాత్రం నావి. మొత్తం చింపేసి, నిద్రకు చోటుంచి మళ్లీ రాసుకున్నాను. మేనేజరు గారు మళ్లీ ఫోన్ చేశారు. ఆలోచిస్తున్నానన్నాను. ఇంకా భయం పూర్తిగా పోలేదమ్మా. పరీక్ష కాగితం చూసి చెయ్యి మళ్లీ దానంతటదే పరుగెత్తితే?

నీ
సాయి

విజయవాడ,
ఫిబ్రవరి, శనివారం

నన్ను కన్న నా లెక్కల మేడమ్‌కి,

వెయ్యి దణ్ణాలు. లెక్కల్లో ఎ ప్లస్! ఫోనులో నాన్న అరుపుకి నువ్వేమన్నావో ఒక్క ముక్క వినబడలేదు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

మీన్ వాల్యూ లెక్క మళ్లీ వచ్చింది. చూడగానే చెయ్యి లేచింది. పెన్ను కింద పెట్టి చేతులు ఒళ్లో పెట్టుకుని ప్రశ్న చదివాను. ఈసారి రెండు నుంచి ఆరు దాకా అని ఉంది. ఆ రెండంకెల చుట్టూ సున్నాలు చుట్టి అప్పుడు మొదలుపెట్టాను. దాని కిందే ఇంకో ప్రశ్న, ఈ సిద్ధాంతాన్ని నిత్యజీవితంలోని ఉదాహరణతో వివరించమని. అమ్మా, పరీక్ష హాల్లో ఈల వేయాలనిపించింది. ఉయ్యూరు బస్సు తీశాను, కంకిపాడులో టీ కూడా తాగించాను.

ఇంకో విశేషం. గన్నవరం వెళ్లాను. చేరడానికి కాదు. జూనియర్లకు నాలుగు మాటలు చెప్పమని మేనేజరు గారే పిలిచారు. వెళ్లగానే చేతిలో ఒక కాగితం పెట్టారు, నేనేం మాట్లాడాలో అందులో టైపు చేసి ఉంది. ఐదింటికి లేచాను, ఇచ్చిన మెటీరియల్ చదివాను, ఇంతదాన్నయ్యాను అని. ఒకసారి చూసుకుని చూడకుండా చెప్పెయ్యమ్మా అన్నారు. అప్పజెప్పమన్నారన్నమాట! మడిచి బ్యాగులో పెట్టుకున్నాను.

స్టేజీ ఎక్కి, నాలుగు మార్కుల సంగతి మొదట చెప్పాను. పుస్తకాలు మూసెయ్యమన్నాను. పొద్దున చదివిన దాంట్లో ఒక్క విషయం పక్కవాళ్లకు వాళ్లింట్లో అమ్మకు చెప్పినట్టు చెప్పమన్నాను. ముందు ఒక మూల గుసగుస, ఇంకో మూల నవ్వు, ఆఖరికి హాలంతా సంత అయిపోయింది. కరెంటు గురించి ఒకమ్మాయి వాళ్లింటి మోటారుతో చెబుతోంది, ఇంకొకామె కాదంటోంది, ఇద్దరూ కొట్టుకునేట్టున్నారు. గలాటా అనుకుని మేనేజరు గారు పరుగెత్తుకొచ్చారు. "ఏంటమ్మా ఈ గోల?" అన్నారు. "చదువుకుంటున్నారండీ" అన్నాను.

దిగేటప్పుడు నా సీటు ఇంకా ఉంచామన్నారు. ఇంకెవరికైనా ఇవ్వండి సార్, నాకు గంట అక్కర్లేదు అని చెప్పి వచ్చేశాను. కాబట్టి నువ్వు సంచీ తేనక్కర్లేదు.

నీ
సాయిశ్రీ

మీ హాస్టల్ వరండా,
మంగళవారం మధ్యాహ్నం

నా సాయికి,

అమ్మ నూరేళ్లు చల్లగా ఉండమని దీవించి రాసేది. ఇక్కడి కొట్టుకు చీరలివ్వడానికి వచ్చి, నిన్ను చూసిపోదామనుకున్నాను. నువ్వు ల్యాబులో ఉన్నావట. పిలిపించమంటారా అని వాచ్‌మన్ అడిగాడు, వద్దన్నాను. చదువుకుంటున్న పిల్లను లేపడం ఎందుకు? నాకు బస్సు టైమవుతోంది. తెస్తానన్న సంచీ తెచ్చాను, కాని ఖాళీది కాదు. అందులో సున్నుండలున్నాయి. అనఘకు కూడా పెట్టు.

నీకు తెలియని చోటు నాకెలా తెలిసిందని అప్పట్లో అడిగావు. చిన్నప్పుడు అప్పజెప్పేటప్పుడు నువ్వు ఎక్కడా తడుముకునేదానివి కాదు, కళ్లు మాత్రం ఎక్కడో ఉండేవి. నీ మొదటి ఉత్తరాలు అలాగే ఉన్నాయి. నువ్వే చెబుతున్నప్పుడు నీకు కొట్టివేతలెక్కువ. బస్సు ఉత్తరంలో ఎన్ని కొట్టివేతలో! అది చూసి మీ నాన్నతో, ఇక దీని గురించి బెంగ లేదండీ అన్నాను.

బెంజ్ సర్కిల్లో నీ ఫ్లెక్సీ తీసేశారు. ఇప్పుడింకో పిల్ల ఉంది. వాళ్లమ్మ ఎవరో తెలిస్తే ఒక ఉత్తరం ముక్క రాద్దును.

ఇవన్నీ సరే, అసలు చెప్పాల్సింది వేరే. ఈ పూట డ్రైవరు వెనక సీటు కోసమని ఒక బస్సు వదిలేశాను. రెండోది ఎక్కితే దాని మీటరు పనిచెయ్యదట. మీటరుతో మీకేం పనమ్మా అని డ్రైవరు నవ్వాడు. మా అమ్మాయి ఒక మాట చెప్పింది, చూడాలి అని దిగిపోయాను. మూడో బస్సుకు మీటరుంది. కంకిపాడులో ఆగింది, సున్నా. అందరూ టీకి దిగారు, నేను దిగలేదు. బస్సు కదిలింది. పది, ఇరవై, కళ్లార్పకుండా చూస్తున్నాను. ముల్లు ముప్పై మీదుగా పోయింది. "అదిగో" అని గట్టిగానే అన్నానట, బస్సంతా నావైపు చూసింది. చూడనీ. నాకెవరూ అప్పజెప్పలేదు సాయీ, నేను చూశాను.

నీ విద్యార్థిని,
శివపార్వతి