జొన్నను ఎవలికి ఒప్పజెప్పాలె

నల్లగొండ జిల్లా, నార్కట్‌పల్లి కాడ, అద్దంకి రోడ్డు మలుపుల పంచరు దుకాణం నడుపుకునే కన్నెబోయిన లింగస్వామి, తండ్రి కీర్తిశేషులు లచ్చయ్య, వయసు అరవై రెండు, అను నేను, నా తర్వాత నా వాళ్లు కొట్లాడుకోవద్దని, నన్ను నమ్ముకున్న ఒక జీవి ఆగం కావద్దని రాయించిన మరణశాసనం ఇది.

దీన్ని దస్తావేజులు రాసే కృష్ణకాంత్ సారు రాస్తున్నడు. నా తర్వాత దీన్ని అమలు చేసే బాధ్యత కూడ ఆయనదే. మొదలు ఆయన 'యావన్మందికి తెలియజేయునది' అని షురూ చేసిండు. యావన్మందితోని నాకేం పని లేదు, కొట్టెయ్యమన్న. నేను చెప్పింది చెప్పినట్టు రాయమన్న. రాస్తున్నడు, ముఖం మాడ్చుకొని.

ముందుగాల మతి గురించి రాయాలెనట. నా మతి మంచిగనే ఉన్నది. తారీఖు అడిగితే తారీఖు చెప్పిన. నా వాళ్లెవలో, నా ఆస్తి ఏదో చెప్పిన. కిడ్నీలు రెండు చెడిపోయినయి. దినం తప్పించి దినం నల్లగొండ దవాఖానకు పోయి రక్తం కడిగించుకుంటున్న. ఎవలి బలవంతం లేదు, తాగి లేను. ఏడుపొకటి, సంబురమొకటి, ఈ రెండు మాత్రం నాలుగేండ్ల సంది వస్తలేవు. అన్నం తింటే ఉప్పు తెలుస్తది, గంతే. ఇవి లేకున్న వీలునామ చెల్లుతదా అని సారును అడిగిన. చెల్లుతదన్నడు.

1. నా భార్య నిర్మలమ్మ కరోనా రెండోసారి వచ్చినప్పుడు పోయింది. మాకు పిల్లలు లేరు. అందుకని నా స్వార్జితమైన దుకాణం జాగ, అందుల రేకుల షెడ్డు, కంప్రెసరు, జాకీలు, పానలు, సమస్తం నా అన్న కొడుకు కన్నెబోయిన నరేశ్‌కు, దాన విక్రయాది సర్వహక్కులతోని, నా తదనంతరం చెందాలె. పెట్రోలు బంకోళ్లు ఆ జాగ అడుగుతున్నరని నాకు ఎరికే. అమ్ముకున్న నాకేం బాధ లేదు. నిజంగనే లేదు, మంచి అనిపించుకునేటందుకు అంటలేను.

నరేశ్ పదో తరగతి తప్పిన కాడి సంది నా దగ్గరనే పని నేర్చిండు. కుక్కలంటే వానికి పానం పోతది. చిన్నప్పుడు పిక్క పట్టి పీకింది ఒకటి, ఆ మచ్చ ఇంకా ఉన్నది. అయినా కుక్కలు తిరిగే నా దుకాణం ఇడిసి పోలే. ఒక చేత పాన, ఒక చేత కట్టె పట్టుకొని ఇన్నేండ్లు పని చేసిండు. ఆ కట్టె ఏనాడు లేపలే. అందుకు జాగ వానిదే.

2. నరేశ్ తండ్రి, నా అన్న మారయ్యకు ఏం రాస్తలేను. మరిచిపోయి కాదు, యాదికి పెట్టుకునే రాస్తలేను. నిర్మల దినాలకు ఆయన రాలే. కుక్కల కొంపకు ఎట్ల రావాలె, కరుస్తయి అన్నడట. నా కాడి కుక్కలు ఎవలినీ కరువలే. మనిషి గుణం పసిగట్టే తెలివి వాటికి ఉంటే ఒక్కలనన్న కరిచేటియి. కుక్కతోక పట్టుకొని గోదారి ఈదుతుండని పదిమంది ముందట నన్ను నవ్విండు. ఆ మాట నిజమే కావచ్చు. ఈదిన కాడికి ఈదిన.

చలికాలం ఆయనకు మోకాళ్లు పట్టుకుంటయి. నా పెట్టెల విప్పని రగ్గు ఒకటి ఉన్నది, అది ఆయనకు ఇయ్యుండ్రి. నేను ఇచ్చిన్నని చెప్పొద్దు, ముట్టడు. రగ్గు ఆస్తి కిందికి రాదు కాబట్టి పైన రాసిన మాట తప్పినట్టు కాదు.

3. దుకాణం పక్కన చాయ, మొక్కజొన్న కంకులు అమ్మే అండాలు నాకు వరసకు చెల్లె. నిర్మల ముక్కుపుల్ల, ఇత్తడి గంగాళం ఆమెకు చెందాలె. నిర్మల చీరెలు అన్ని ఎవలెవలికో ఇచ్చేసిన, ఒక్క పచ్చది తప్ప. అది ఎందుకు ఉంచుకున్ననో నాకు తెల్వదు. దండెం మీదనే ఉన్నది. అది కూడ అండాలుకే. కట్టుకుంటే కట్టుకోని, మసిబట్టకు వాడుకుంటే వాడుకోని.

4. ఇగ కుక్కల సంగతి. కోర్టుల ఎవలన్న చదివితే వాళ్లకు సమజ్ కావాలె కాబట్టి మొదటి నుంచి చెప్త.

పట్నం దిక్కు నుంచి వచ్చే కార్లు మా మలుపుల కుక్కలను దించిపోతయి. కిరాయి ఇల్లు మారినోళ్లు, పిల్లలకు మోజు తీరినోళ్లు, ముసలిదైతే మందులు కొననోళ్లు. బిస్కట్ పుడ ఇప్పి కింద పెడతరు. అది తినేటప్పుడు డోర్ పెట్టుకొని పోతరు. కుక్క ఎన్కపడి ఉరుకుతది. ఉరికి ఉరికి, దించిన జాగకే మల్ల వస్తది. లారీల కింద పడేటియి పడతయి. మిగిలినయి మా దుకాణం కాడికి వచ్చేటియి. నిర్మల గంజి పోసేది. నేను వాటికి ఇండ్లు చూసేటోన్ని.

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నరు. మొగోడు వచ్చి మస్తు ఇష్టమని అడిగితే నేను ఇయ్యలే. ఇంట్ల ఆడామె ఒప్పుకోవాలె, కూడు ఏసేది ఆమెనే. ఒప్పుకున్నంక చెప్పకుండ ఒక తాప పోయేటోన్ని. వాళ్ల బర్రె ముందట కుడితి తొట్టి చూస్తే చాలు, ఇంటి గుణం తెలుస్తది. ఒక ఫంక్షన్ హాలు ఆసామి కావలికని తీసుకపోయి ఎండకు కట్టేస్తే, తెల్లారే పోయి ఇప్పుకొని వచ్చిన. గానాటి సంది ఆయన నా కాడ టైర్లకు గాలి కొట్టియ్యడు. కొట్టియ్యకుంటే పాయె.

కార్ల నుంచి దించినయి కాబట్టి అవి మల్ల బండెక్కయి. డోర్ తెరిస్తేనే గజగజ వణుకుతయి. అందుకని ప్రతి కుక్కను నేను నడిపించుకపోయి ఒప్పజెప్పిన. చిట్యాల దాక నడిచిన, కట్టంగూరు దాక నడిచిన. నడిచిన తొవ్వ దానికి యాదికుంటది, ఆ ఇల్లు పడకపోతే తిరిగి రావచ్చు అని నిర్మల అనేది. ఒప్పజెప్పి వచ్చిన దినం ఆమె బువ్వ తినకపోయేది.

తీసుకున్న ఇండ్లోళ్లకు నేను ఇచ్చేది ఏం లేదు. ఆ కుక్కలు వాళ్లయే. నా పేరు చెప్పి ఎవలన్న వచ్చి అడిగితే ఇయ్యొద్దు.

5. ఇప్పుడు నా కాడ ఒక్క కుక్కనే ఉన్నది. లాబ్రడార్ జాతి, ఆడది, ఏండ్లు మీద పడ్డయి, మూతి తెల్లబడ్డది. జొన్న రంగుల ఉంటదని నిర్మల దానికి జొన్న అని పేరు పెట్టింది.

జొన్నకు మూడు ఇండ్లు చూసిన. మూడూ మంచియే. చిట్యాల టీచరమ్మ అయితే దానికి చెద్దరు కూడ కప్పింది. మూడు తాపలు నేనే నడిపించుకపోయిన, మూడు తాపలు అది రోడ్డు పట్టుకొని తిరిగి వచ్చింది. నేను బయటికి పోయి వచ్చినప్పుడల్ల అది రోడ్డు పక్కన కూసొని కనపడేది, కార్ల దిక్కే చూపు. వాళ్లోళ్ల కోసం కూసున్నది, దించిన జాగ ఇడుస్తలేదు అనుకున్న. పిచ్చి ముండ, వాళ్లు రారే అని ఎన్నిసార్లు తిట్టిన్నో. నేను దుకాణంల ఉంటే అది బల్ల కిందనే పంటది. అప్పుడు మరిచిపోయింది కావచ్చు అనుకునేటోన్ని.

పోయిన ఎండకాలం ఒక కారు పంచరై ఆగింది. భార్య, భర్త, ఎదిగిన బిడ్డ. ఆ పిల్ల జొన్నను చూసి వేరే పేరు పెట్టి పిలిచింది. జొన్న తలెత్తింది, పోయింది, వాసన చూసింది, తోక ఊపింది. పిల్ల మెడ పట్టుకొని ఏడ్చింది. తండ్రి టైరు దిక్కు చూసుకుంట నిలబడ్డడు. తీసుకపోతమని పిల్ల బతిమాలింది. నేను దాని మెడల గొలుసు తీసిన. ఇన్నేండ్లు దేని కోసం కూసున్నదో అది వచ్చింది కదా అని డోర్ కూడ నేనే తెరిచిన.

జొన్న డోర్ దిక్కు చూసింది. చూసి, ఎన్కకు మలిగి వచ్చి, బల్ల కింద నా చెప్పుల మీద తల పెట్టుకొని పన్నది. పో జొన్నా అన్న. కదలలే. వాళ్లు జరసేపు చూసి పోయిండ్రు. కారు పోతుంటే అది రోడ్డు దిక్కు కూడ చూడలే.

అండాలు చాయ పోసుకుంట అప్పుడు చెప్పింది. అన్నా, నువ్వు లేనప్పుడే అది రోడ్డు పక్కన కూసుంటది, నువ్వు పోయిన దిక్కే చూస్తది, నువ్వు బస్సు దిగంగనే లేచి వస్తది, నీకు తెల్వదా అన్నది. నాకు తెల్వదు. నేను లేనప్పుడు ఏం జరుగుతదో నాకెట్ల తెలుస్తది. ఇల్లు దొరికిన కుక్కకు ఇల్లు చూసుకుంట మూడు తాపలు నడిపించిన. ఆ సంగతి తెలిసిన దినం నాకు ఏదన్న అనిపించాలె. ఏం అనిపించలే. ఇంకో టైరు ఇప్పిన.

ఇప్పుడు నేను దవాఖానకు పోయిన దినం అది పొద్దుగాల నుంచి రోడ్డు పక్కనే కూసుంటదట. బస్సు దిగేదాక ఎండల్నే. లారీలు దాని తోకను రాసుకుంట పోతయట. నేను రాని దినం ఒకటి వస్తది. ఆ దినం సంగతే ఈ కాయితం.

6. కుక్క పేరు మీద ఆస్తి రాయరాదట. ఆస్తి లెక్క కుక్కను రాయొచ్చట. సర్కారు లెక్కల జొన్న, నా జాకీ రెండు ఒకటే. సరే.

జొన్నను చూసుకుంటేనే నరేశ్‌కు జాగ అని షరతు పెట్టమని కృష్ణకాంత్ సారు చెప్పిండు. చిత్తు కూడ రాసిండు. నేను ఇంటికి పోయి ఆలోచన చేసి వచ్చి అది కొట్టేయించిన. అది సచ్చేదాక జాగ అమ్మొద్దని రాస్తే, అది ఎప్పుడు సస్తదా అని బంకోళ్లు చూస్తరు. అది బతికినన్ని దినాలు నెలకు ఇన్ని పైసలని రాస్తే, అది సచ్చినంక ఇంకో కుక్కను తెచ్చి ఇదే జొన్న అని చూపెడతరు. నరేశ్ మంచోడు. మంచోని ముందట కూడ అసొంటి ఆశ పెట్టొద్దు. జొన్న సావుతోని గాని, బతుకుతోని గాని ఎవలికి ఒక్క పైస లాభం ఉండొద్దు. అందుకని ఆ చిత్తు చెల్లది, జాగ ఏ షరతు లేకుండ నరేశ్‌ది.

జొన్నను అండాలుకు ఇస్తున్న. ఆమె ఇల్లు చెర్వుగట్టు తొవ్వల ఉన్నది, లారీలు పోవు. ఆమె కుక్కలను ముద్దు చేసే మనిషి కాదు. టైముకు కూడు పెడతది, నీళ్లు మారుస్తది, అడ్డమొస్తే తిడుతది. నేను చెప్పకుండ పోయి చూసిన. ఆమె బర్రె తొట్టి కడిగి ఉన్నది.

7. నా పీనుగ సంగతి. నన్ను బొంద పెట్టుండ్రి. లేపే ముందట జొన్న గొలుసు ఇప్పి నా కాడికి రానియ్యిండ్రి. పీనుగను కుక్క ముట్టొద్దని పెద్దమనుషులు అంటరు. మారయ్య అన్న లొల్లి చేస్తడు. చేయనియ్యిండ్రి. నా ముఖం మీది బట్ట తీయుండ్రి. అది ఎంతసేపు వాసన చూస్తే అంతసేపు ఆగుండ్రి, తొందర పెట్టొద్దు.

నిర్మల పోయినప్పుడు నాకు చూపియ్యలే. సంచిల చుట్టి, నన్ను గేటు బయట నిలబెట్టి, అదే మీ మనిషి అన్నరు. పొడుగు చూసి నిర్మలనే అనుకున్న. ముఖం చూడలే. ఆ దినం ఏడుపు రాలే, మల్ల రాలే. ఇప్పటికీ మలుపుల బస్సు ఆగితే ఎవలు దిగుతున్నరో అని తలెత్తుత. తెలిసి కూడ ఎత్తుత. నేను మనిషిని, నన్ను నేను సముదాయించుకోవచ్చు. జొన్నకు ఎవలు చెప్తరు.

మన్ను పోసేదాక జొన్న ఆడనే ఉండాలె. అయినంక దుకాణం దిక్కు తేవొద్దు. బొంద కాడి నుంచే అండాలు ఇంటికి నడిపించుకపోవాలె. అండాలు ముందుగాల పోయి కూడు వండి పెట్టాలె. గొలుసు నరేశ్ పట్టాలె.

నరేశ్, నీకు భయమని నాకు తెలుసు. అది కరువది. నువ్వు ఎట్ల నడిస్తే అట్లనే నడుస్తది. నడువంగ ఒకటి రెండు తాపలు ఆగి ఎన్కకు చూస్తది, గుంజొద్దు, నువ్వు కూడ ఆగు. ఇది నేను అడుగుతున్నదే బిడ్డా, షరతు కాదు. చెయ్యకున్న జాగ నీదే, నిన్ను ఎవలు ఏమనరు. గని నువ్వు చెయ్యకుంటే అది పోయి రోడ్డు పక్కన కూసొని, నల్లగొండ బస్సుల దిక్కు చూస్తది.

2025 ఆగస్టు 19, నార్కట్‌పల్లి.

సారు మొత్తం చదివి వినిపించిండు, విన్న, నేను చెప్పినట్టే ఉన్నది.

(సంతకం) కన్నెబోయిన లింగస్వామి

సాక్షులు, ఇందుల ఏ వాటా లేనివాళ్లు:
సుమన, పశువుల డాక్టరు
ఏసోబు, క్రేన్ డ్రైవరు

రాసింది: కృష్ణకాంత్, దస్తావేజు లేఖరి