ముందు గది వదినకు

పెద్దాసుపత్రి పసికందుల వార్డులో ముప్పై ఆరేళ్లు నర్సుగా పనిచేసి రిటైరైన నేను, డెబ్బై ఒకటో ఏట, ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తి తెలివితో నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది. మోకాళ్లు మొరాయిస్తున్నాయి గానీ బుర్ర భేషుగ్గా ఉంది. అనుమానమున్నవాళ్లు మా అల్లుణ్ణి అడగండి, నిన్ననే పేకాటలో చిత్తుగా ఓడించాను.

1. వెనక రెండు గదులూ, వంటిల్లూ, మేడా నా కూతురికి చెందుతాయి. ఒక్కతే సంతానం కాబట్టి తగువు లేదు.

2. వీధివైపు ముందు గదిని ఎవరూ అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు. ఆసుపత్రి వెనక గేటుకు ఎదురుగా ఉందని, అక్కడ మందుల షాపు పెట్టాలని అల్లుడి ఆశ. నాయనా, ఆ ఆశకు నీళ్లు వదులుకో. నెలలు నిండని బిడ్డ వార్డులో ఉంటే, తల దాచుకునే చోటు లేక తల్లులు ఊళ్లకు వెళ్లిపోయేవారు. తల్లి వెళ్లిపోతే బిడ్డకు పాలూ లేవు, గుండెల మీది వెచ్చదనమూ లేదు. పదకొండేళ్లుగా వాళ్లు ఈ గదిలోనే ఉండి, మూడు గంటలకోసారి వెళ్లి బిడ్డను రొమ్ముకు హత్తుకుని కూర్చుంటున్నారు. అలా బతికిన కిలో బరువు పిల్ల ఒకతె ఇప్పుడు బడికి వెళ్తూ మా గేటెక్కి ఊగుతుంది. గేటు విరిగినా దాన్ని ఎవరూ తిట్టవద్దు.

3. తల్లులు బిడ్డను హత్తుకుని కూర్చోవడానికని ఇప్పటికే వార్డులో వేయించిన నా వాలుకుర్చీ ఇక వార్డుదే. అడ్డంగా ఉందని పెద్ద డాక్టరుగారు దాన్ని రెండుసార్లు బయట పెట్టించారు. మూడోసారి పెట్టిస్తే ఆయన గది గుమ్మంలోనే వేయమని ఆయాకు చెప్పి ఉంచాను.

4. ఉతికి ఉతికి మెత్తబడ్డ నా నూలు చీరలు ఆయాకు. చింపి బిడ్డలకు చుట్టడానికే సుమా. ఆమె కట్టుకోవడానికి ఆకుపచ్చ చీర, కొత్తది, బీరువాలో వేరే ఉంది.

5. ముందు గది బాధ్యత, తాళం చెవి మా వదినకు. ఎందుకో అందరికీ తెలియాలి. నేను ఉద్యోగంలో చేరిన ఏడాది వదినకు మా ఆసుపత్రిలోనే ఆడపిల్ల పుట్టింది. గుమ్మం బయట చుట్టాలు తొందరపెడుతున్నారు. ఒళ్లు కడగని బిడ్డను చూపిస్తే నా పరువేమవుతుందోనని, పుట్టిన పావుగంటకే నీళ్లుపోసి, తళతళలాడేలా తుడిచి, ఒకరి చేతిలోంచి ఒకరి చేతికి ఇప్పించాను. పిల్ల చల్లబడింది. మర్నాడు పోయింది. "కోడలి పాదం మంచిది కాదు" అంది మా అమ్మ. రెండేళ్లకు శిక్షణలో చెప్పారు, పుట్టిన రోజున స్నానం చేయించకూడదని. అప్పటినుంచి వార్డులో ఏ బిడ్డకూ తొలిరోజు నీళ్లు తగలనివ్వలేదు. నాకు నీళ్ల రాక్షసి అని పేరు కూడా పెట్టారు. కానీ ఇంట్లో మాత్రం నోరు విప్పలేదు. పసిబిడ్డను వదిన చేతికివ్వడానికి మనవాళ్లు ఇప్పటికీ వెనకాడతారు. ఆ పిల్ల చలికి పోయింది. తప్పు నాది, వదినది కాదు.

6. ఇది నేను పోయాక చదివిస్తే పిరికితనం. రేపు ఆదివారం అందరూ భోజనాలకు వచ్చినప్పుడు నేనే పైకి చదువుతాను. వదిన తిడితే పడతాను. లేచి వెళ్లిపోతే వెనకే వెళ్తాను. ముందు గదిలో ఉన్న తల్లి బిడ్డకు రేపే డిశ్చార్జి. వార్డు దాటగానే బిడ్డను మొదట వదిన చేతుల్లోనే పెడతానని ఆ తల్లి నాకు మాటిచ్చింది.

తేదీ: 2025 నవంబరు 8, శనివారం
సంతకం: నీళ్ల రాక్షసి అనబడే రిటైర్డు నర్సు
సాక్షులు: పక్కింటి టైలరు, వార్డు కాపలాదారు