మామయ్య రైఫిల్‌లో కొబ్బరినూనె

ఆదివారం, బెల్లంకొండ

అడవిపందుల కోసం మామయ్య ఉంచుకున్న లైసెన్సు రైఫిల్ చలి మొదలైనప్పటి నుంచీ పేలడం లేదు. ట్రిగ్గర్ నొక్కితే తూటా వెనక చిన్న సొట్ట పడుతుంది, అంతే. ఆయుధపూజనాడు తూటాను లోపలికి తోసే బోల్టులో ఆయనే పోసిన కొబ్బరినూనె గడ్డకట్టి, లోపలి పిన్నును గట్టిగా కొట్టనివ్వడం లేదని నాకు ముందే తెలుసు. పెద్దాయన మొహం మీద ఎలా చెప్పను? తూటాలు పాతవన్నాను.

ఇవాళ తోడల్లుడు శ్రీను వచ్చి బోల్టు విప్పి, "ఏంది మామా, తుపాకీకి తలంటు పోశావా?" అన్నాడు. నూనె తుడిచాక మొదటి తూటాకే పేలింది. మామయ్య పగలబడి నవ్వి, "అల్లుడంటే నువ్వేరా!" అని వాడి భుజం తట్టాడు.

నా కడుపు మండిపోయింది. ఆ మాట నేనంటే ఆయన నవ్వేవాడా? పెళ్లయి ఇన్నేళ్లయినా నన్నింకా "మీరు" అనే అంటాడు.