దీపాలవాళ్ల ఇంటిపేరు

బాబాయ్,

నాన్న ఇంకా దొరకలేదు. మతి పోయాక ఆయనకి గుర్తున్నది మన ఇంటిపేరొక్కటే. ఒకప్పుడు వీధిదీపాలు వెలిగించిన ప్రతివాళ్లకీ తగిలించిన పేరు కదా, ఇప్పుడు సగం ఊరు దీపాలవాళ్లే. "మీ ఇంటిపేరు పెద్దాయన దొరికాడమ్మా" అని స్టేషన్ నుంచి కబురొస్తే పడుతూ లేస్తూ పరుగెత్తాను. తీరా చూస్తే ఎవరో! "మా నాన్న కాదండీ" అంటుంటే ఆయన నా చెయ్యి పట్టుకుని, "దీపాలవాళ్ల పిల్లవేగా, ఇంటికి పోదాం పద" అన్నాడు. వదిలిరాలేక మన ఇంటికే తీసుకొచ్చాను.

ఆయన కోసం ఎవరూ రాలేదు. నాన్న మంచం మీదే పడుకుంటున్నాడు, నాన్న చొక్కాలే తొడుక్కుంటున్నాడు.

నీ కాళ్లు పట్టుకుంటాను, వెంటనే బయల్దేరి రా. నిన్న నేను వెతకడానికి వెళ్లలేదు. ఇవాళ పొద్దున "నీళ్లు కాగాయి, లే నాన్నా" అని ఆయన్ని లేపాను.

నీ అన్న కూతురు